చింతగింజల లెక్క

పోయిన ఆదివారం నాయుడుపేట నుంచి మా మేనల్లుడి కొడుకు వచ్చాడు. వచ్చాడంటే మా ఇంట్లోకి రాలేదు, మా ఇంటి చుట్టూ వచ్చాడు. ముప్పావు గంట ప్రదక్షిణం చేశాడు. ఫోన్లో నీలం చుక్క ఎటు పొమ్మంటే అటు నడిచాడట. ఆ చుక్క వాణ్ణి మా వెనక వీధిలో ఓ గోడ దగ్గరికి తీసుకుపోయి, ‘వచ్చేశావు’ అని చెప్పి ఊరుకుంది. గోడకి అవతల మా దొడ్డి, ఇవతల వాడు. వాడు నిలబడ్డ చోటికి పది అడుగుల్లో టీ కొట్టు. ఆ కొట్టువాడి నాయన కాలం నుంచి నేను అక్కడ టీ తాగుతున్నాను. ‘తెలుగు తాత ఇల్లెక్కడ’ అని ఒక్క మాట అడిగుంటే చేతిలో గ్లాసు కింద పెట్టి, వెంటబెట్టుకుని తెచ్చి దిగబెట్టేవాడు. వీడు అడగలేదు. ఫోన్లో ఛార్జింగ్ అయిపోయాక, ఇంక గతిలేక నోరు తెరిచాడు. రెండు నిమిషాల్లో మా అరుగు మీదున్నాడు.

“ఏరా, ఆ మాట ముందే అడిగితే ఏం పోయిందిరా?” అన్నాను.

“ఎవర్నో ఎందుకు డిస్టర్బ్ చెయ్యడం తాతయ్యా?” అన్నాడు.

విన్నారా? దారి అడగడం ఈ రోజుల్లో డిస్టర్బ్ చెయ్యడమైంది. మా రోజుల్లో అది పలకరింపు. దారి అడిగినవాడు ఏ ఊరివాడో, ఎవరి తాలూకో, భోంచేశాడో లేదో కనుక్కోకుండా చెప్పినవాడు దారి చెప్పి ఎరగడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు పెద్దలు. ఇప్పుడు నోరు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు, దానికి మళ్ళీ ఛార్జింగొకటి.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను అంబత్తూరు వచ్చింది 1968లో. ఇక్కడ ఇండస్ట్రియల్ ఎస్టేటు పెట్టి అప్పటికి నాలుగేళ్ళు. చిన్న వర్క్‌షాపులో లేత్ మీద పని. అంబత్తూరంటే అప్పుడు మద్రాసు కాదు, ‘మద్రాసుకి పోయొస్తా’ అని చెప్పి బయల్దేరే ఊరు. మమ్మల్ని కార్పొరేషన్లో కలిపింది 2011లో మాత్రమే. చెరువు, చుట్టూ పొలాలు, సైకిళ్ళ ఫ్యాక్టరీ, టైర్ల ఫ్యాక్టరీ నుంచి గాలివాటున రబ్బరు వాసన, పొద్దున్నే ఎస్టేటు సైరన్లు. చూడ్డానికేముంది ఇక్కడ అంటే ఏమీ లేదు. కానీ మద్రాసు చూడ్డానికొచ్చే మా నెల్లూరు జిల్లా చుట్టాలందరికీ సత్రం మాత్రం ఇదే. సిటీలో ఒక గదికిచ్చే అద్దెకి ఇక్కడ రెండు గదులూ వరండా వచ్చేవి. పైగా స్టేషనుంది.

ఆ స్టేషను దారిని తక్కువ చెయ్యకండి. దక్షిణాదిలో మొట్టమొదటి రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకి నడిచింది. అది పోయింది ఈ దారినే. పెరంబూరు, ఆవడి, తిరువళ్ళూరు. జపాన్లో మొదటి రైలు 1872లో కదిలింది. అంటే జపాను వాళ్ళకంటే పదహారేళ్ళ ముందు మా అంబత్తూరు పొలాల పక్కన పొగబండి కూసింది. ఇంత ఖచ్చితంగా జపాను లెక్క ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ రోజుల్లో మద్రాసు చూడ్డానికొచ్చే ఆంధ్రావాళ్ళకి ఒక క్రమం ఉండేది. ముందు తిరుపతి. అక్కడ గుండు. ఆ గుండు మీద గంధం ఆరకముందే మద్రాసు. గుండు లేకుండా మద్రాసు చూసిన మనవాళ్ళు నాకు అరుదుగానే తగిలారు. తెల్లారగట్లే టీ నగరు బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు గారి ఇంటి ముందు టూరిస్టు బస్సులు వరసగా ఆగేవి. కొండ మీద స్వామిని చూశాక ఇక్కడ ఈ స్వామిని చూస్తేగానీ యాత్ర పూర్తయినట్టు కాదు. ఆ తర్వాత ‘చచ్చిన కాలేజీ’, ‘బతికిన కాలేజీ’. ఇవేం చదువులో ఈనాటి పిల్లలకి తెలీదు. ఎగ్మూరు మ్యూజియం చచ్చిన కాలేజీ, సెంట్రల్ స్టేషన్ పక్కనున్న జంతువుల తోట బతికిన కాలేజీ. రెండు కాలేజీలూ ఒక్క రోజులో పాసైపోయి సాయంత్రానికి మూర్ మార్కెట్టు, అక్కణ్ణుంచి బీచి. దారిలో మౌంట్ రోడ్డు మీద ఎల్లైసీ మేడ. 1959లో కట్టారు. దాని ఎదురుగా తల పైకెత్తి అంతస్తులు లెక్కపెట్టడం, సగంలో లెక్క తప్పి మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టడం. లెక్కపెడుతున్నవాడి జేబు ఇంకెవడో లెక్కపెట్టడం కూడా ఉండేదనుకోండి.

చచ్చిన కాలేజీలో అమరావతి శిల్పాల గది దగ్గర మాత్రం నేను అందర్నీ కాసేపు నిలబెట్టేవాణ్ణి. కృష్ణ ఒడ్డున మనవాళ్ళు చెక్కిన పాలరాళ్ళు చూడ్డానికి గుంటూరువాళ్ళు రైలెక్కి మద్రాసు రావాలి. ఆ రాళ్ళే మనకంటే ముందొచ్చి ఇక్కడ కాపురం పెట్టాయి. చుట్టాలు రెండు నిమిషాలు భక్తిగా చూసి, “సరేగానీ అబ్బయ్యా, పులిని ఎప్పుడు చూపిస్తావు?” అనేవాళ్ళు.

ఇట్లా కనీసం వందమందికి మద్రాసు చూపించుంటాను. వాళ్ళందరిలో నాకు గుర్తుండిపోయింది మా మేనత్త. 1972లో వచ్చింది. సిటీ బస్సులకి పల్లవన్ అని పేరొచ్చింది ఆ ఏడే. అత్తకి అరవయ్యేళ్ళు. చదువు లేదు. అరవం ముక్క రాదు. రైలెక్కడమే అది రెండోసారి. మైలాపూరు కపాలీశ్వరుణ్ణి చూడాలని పట్టు. నాకేమో ఎస్టేటులో లీవు దొరకలేదు. “నువ్వు రాకపోతే నేనే పోతాను, నాకు నోరుంది గదా” అంది.

ఏం చెయ్యను? నాతో పనిచేసే ఒక తమిళాయన చేత చీటీ రాయించాను. ముందువైపు, ‘ఈ పెద్దామెకి తమిళం రాదు, మైలాపూరు గుడి దగ్గర దించండి’ అని. వెనకవైపు, ‘తిరుగు ప్రయాణం, అంబత్తూరు స్టేషన్’ అని. బస్సు నంబరు పెద్ద అంకెలు వేసి, ఆ ఆకారం ఆమెకి నోటికి కాదు, కంటికి వచ్చేదాకా చూపించాను. ఇక రైల్లో ఎక్కడ దిగాలో ఎట్లా తెలుస్తుంది? దానికి ఉపాయం అత్తే చెప్పింది. సెంట్రల్ నుంచి అంబత్తూరుకి ఎన్ని స్టేషన్లో అన్ని చింతగింజలు కొంగున ముడేసుకుంది. బండి ఆగినప్పుడల్లా ఒక గింజ కిటికీలోంచి అవతల పారెయ్యాలి. గింజలైపోతే దిగాలి. అంతే.

పొద్దున్న పోయిన మనిషి దీపాలు పెట్టే వేళకి వచ్చింది. నుదుట కుంకుమ, తలలో మల్లెపూలు, వెంట తిరువళ్ళూరు పోవాల్సిన ఒక అరవామె. ఆమె ఇక్కడ దిగి, మా గుమ్మం దాకా వచ్చి, అత్తని నాకప్పజెప్పి, మంచినీళ్ళు తాగి తర్వాతి బండికి పోయింది.

జరిగింది ఇదీ. మద్రాసు బస్సులో కండక్టరు కదలడు. తన సీట్లో కూర్చునే ఉంటాడు, డబ్బులే చేతులు మారి ఆయన దగ్గరికి పోవాలి. మనూళ్ళలో కండక్టరు మన దగ్గరికొచ్చి అడుగుతాడు గదా, అత్తకి ఇది తెలీదు. రూపాయి తీసి ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టమంటే గుండె ఝల్లుమందట. పెట్టింది. అది ఆరు చేతులు మారి పోయింది, టికెట్టూ చిల్లరా ఆరు చేతులు మారి తిరిగొచ్చాయి. పైసా తగ్గలేదు. “అబ్బయ్యా, మన ఊళ్ళో ఆరుగురి చేతులు మారితే రూపాయి అర్ధరూపాయవుతుంది, ఇది మంచి ఊరేనయ్యా” అంది. తిరుగు ప్రయాణంలో మాత్రం చింతగింజలు మోసం చేశాయి. ఆ బండి ఒక చిన్న స్టేషన్లో ఆగలేదు. అంబత్తూరు వచ్చేసరికి కొంగులో గింజ ఇంకొకటి మిగిలుంది. అత్త కూర్చునే ఉంది. ఎదురు సీటామె అంతకుముందే చీటీ చదివి ఉంది కాబట్టి చెయ్యి పట్టుకుని దింపింది. దింపి, ఈ ముసలామెని చీకట్లో వదిలెయ్యలేక తనూ దిగింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. దారంతా మాట్లాడుకుంటూనే వచ్చారట.

అప్పట్నుంచీ ఏ ఊరికి పోయినా నేను ఒక్క పరీక్షే పెడతాను. మా అత్త పరీక్ష. చదువూ భాషా లేని అరవయ్యేళ్ళ మనిషి ఒక్కతే పోయి, చూడాల్సింది చూసి, చీకటి పడేలోగా ఇల్లు చేరగలదా? చేరగలిగితే అది ఊరు. లేకపోతే అది ఒట్టి సిమెంటు.

ఇప్పుడు ఆ పరీక్ష మన చెన్నపట్నానికి పెట్టి చూడండి.

ముందు, బస్సు దిగేదెక్కడ? మా రోజుల్లో నెల్లూరు బస్సు ప్యారీస్ దగ్గర దింపేది. దిగితే చుట్టూ మింటు, షావుకారుపేట, పార్క్ టౌను, ఎటు తిరిగినా తెలుగు కోమటి కొట్లు, తెలుగు పలుకు. 2002లో బస్టాండు కోయంబేడు పోయింది. సరే, అలవాటు పడ్డాం. 2018లో ఆంధ్రా బస్సుల్ని మాధవరానికి మార్చారు. దక్షిణాది బస్సులు 2023 చివర్లో కిలాంబాక్కం పోయాయి. ఊరు పెరిగేకొద్దీ బస్టాండు ఊరొదిలి పారిపోతోంది. ఇంకో పాతికేళ్ళకి నెల్లూరు బస్సు నాయుడుపేటలోనే ఆపి, ‘చెన్నై వచ్చింది దిగండి’ అంటారేమో.

ఇక పేర్లు. మద్రాసు 1996లో చెన్నై అయింది. దానికి నాకు బాధ లేదు. దామెర్ల చెన్నప్ప నాయకుడి పేరు మీద వెలసిన చెన్నపట్నం అది, మనవాడి పేరే. అయితే మద్రాసు సెంట్రల్ చెన్నై సెంట్రల్ అయి, 2019లో పురచ్చి తలైవర్ డాక్టర్ ఎం.జి. రామచంద్రన్ సెంట్రల్ రైల్వే స్టేషన్ అయింది. ఎమ్జీఆర్ అంటే నాకూ గౌరవమే. కానీ ఆ పేరు మా అత్త చీటీ మీద రాయాలంటే చీటీ చాలదు, నోట్‌బుక్కు కావాలి. మూర్ మార్కెట్టు 1985 మే 30న తగలబడిపోయింది. బతికిన కాలేజీ కూడా అదే ఏడు వండలూరు పోయింది. మార్కెట్టు ఉన్న చోట ఇప్పుడు లోకల్ రైళ్ళ స్టేషన్. దాని పేరు మాత్రం మూర్ మార్కెట్ కాంప్లెక్సే. పాత పుస్తకాలు, గ్రామఫోను ప్లేట్లు, పావురాలు, బొమ్మలు అన్నీ పోయి, పేరొకటి మిగిలింది. మా మనవణ్ణి అడిగితే మూర్ అంటే ఏదో కంపెనీ అనుకున్నానన్నాడు.

మెట్రో 2015లో వచ్చింది. చల్లగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, కాదన్ను. కానీ మా అంబత్తూరుకి రాలేదు. కోయంబేడు నుంచి మా మీదుగా పట్టాభిరామ్ దాకా వేస్తామంటున్నారు. వేసేసరికి నేనుంటే ఎక్కుతాను. 2025లో చెన్నై వన్ అని యాప్ వచ్చింది, బస్సుకీ రైలుకీ మెట్రోకీ ఒకే టికెట్టన్నారు. మంచి ఆలోచనే, ఫోను చేతిలో ఉన్నవాడికి. మా మనవడు నా ఫోన్లో ఇలాంటివి ఇంకా ఏడో ఎనిమిదో వేసిపెట్టాడు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టడానికి తావు లేదన్నట్టుంది ఆ ఫోను. ఒకరోజు ఓ టాక్సీ యాప్‌లో కారు పిలిచాను. ఓటీపీ చెప్పమన్నాడు డ్రైవరు. అది మా అబ్బాయి ఫోనుకి పోయింది. మా అబ్బాయి ఆఫీసు మీటింగులో ఉన్నాడు. ఎదురుగా కారు, కార్లో డ్రైవరు, రోడ్డు మీద నేను. నా ఊళ్ళో, నా వీధిలో, నేను నేనేనని చెప్పడానికి నాకు అధికారం లేకపోయింది.

ఇదంతా అరుగు మీద కూర్చుని గొణుగుతుంటే మా ఆవిడ లోపల్నుంచి వింటూనే ఉంటుంది. మొన్న ఇక పట్టలేక బయటికొచ్చింది.

“చాల్లెండి సంబడం. మీ రోజుల్లో, మీ రోజుల్లో అంటారు. ఆ రోజుల్లో మీరు చుట్టాల్ని తిప్పారు. ఆ చుట్టాలకి వండి వార్చింది నేను. ఇన్నేళ్ళు అంబత్తూరులో ఉండి మీ చచ్చిన కాలేజీ నేను చూసింది ఒక్కసారి. ఇప్పుడు నాకు బస్సు ఊరికే. ఎప్పుడనుకుంటే అప్పుడు పోతున్నాను. నాకివే మంచి రోజులు.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. 2021 మే నుంచి ఇక్కడ సాధారణ సిటీ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. ఆమె తిరువేర్కాడు పోతుంది, మాంగాడు పోతుంది, టీ నగరు పోయి జాకెట్టు గుడ్డ మార్చుకొస్తుంది. నేనే అరుగు దిగడం లేదు. ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. మా లైనుకి 1979లో కరెంటు రైలొచ్చేదాకా కిటికీ పక్కన కూర్చున్నవాడి కళ్ళలో బొగ్గు నుసే. మనిషిని మనిషి లాగే రిక్షాలు 1973లో తీసేసేదాకా సెంట్రల్ ముందు అవే. లావుపాటి చుట్టాన్ని అందులో కూర్చోబెట్టి, లాగేవాడి వీపు చూడలేక నేను పక్కన నడిచిన రోజులున్నాయి. ఆటోవాళ్ళు మీటరు మీద పది రూపాయలు ఎక్కువడిగితే జరిగే యుద్ధం ఇప్పుడు లేదు, ఫోన్లో రేటు ముందే పడుతోంది. ఇవన్నీ ఈ కాలం ఖాతాలో జమ వేస్తున్నాను. లెక్క లెక్కే.

ఇక జపాను. మా మనవడికి అక్కడ ఉద్యోగం. 2024 నవంబరులో పదిరోజులు రమ్మని టికెట్టు పంపాడు. క్యోటో చూపించాడు. 794లో కట్టిన రాజధాని అది. వీధులన్నీ చదరంగం పలకలా నిలువూ అడ్డం. గుళ్ళు లెక్కపెడితే మన కాంచీపురం చిన్నబోతుంది. వాడు ఫోను చూసుకుంటూ ముందు నడవడం, నేను వాడి వీపు చూసుకుంటూ వెనక నడవడం. మొదటి రెండు రోజుల్లో నేను క్యోటో చూశానో మనవడి చొక్కా చూశానో చెప్పలేను.

అక్కడి సిటీ బస్సు పద్ధతి మనకి తలకిందులు. వెనక తలుపు ఎక్కడానికి, ముందు తలుపు దిగడానికి. డబ్బు దిగేటప్పుడివ్వాలి. ఊళ్ళో ఎంత దూరమైనా 230 యెన్లు, మన లెక్కలో నూట ఇరవై రూపాయల పైమాటే. కండక్టరు లేడు. డ్రైవరు పక్కన ఒక పెట్టె ఉంటుంది, సరిగ్గా లెక్కపెట్టి అందులో వెయ్యాలి. నోటుంటే ఆ పెట్టే చిల్లర చేసిస్తుంది. దిగే ప్రతివాడికీ డ్రైవరు పేరుపేరునా అన్నట్టు థాంక్స్ చెబుతాడు. మన దగ్గర రోడ్డు దాటేవాణ్ణి చూసి ‘ఇంట్లో చెప్పొచ్చావా’ అని అరిచే డ్రైవర్లని విన్న చెవులు ఇవి. మొదట నన్ను కాదేమోననుకుని వెనక్కి తిరిగి చూశాను.

మూడో రోజు గియోన్ దగ్గర జనంలో మనవడు తప్పిపోయాడు. వాణ్ణడిగితే నేను తప్పిపోయానంటాడు. ఆ జనం మన తిరునాళ్ళని మించి ఉంది. మెళ్ళో కెమెరాలు, చేతుల్లో ఫోన్లు. నా ఫోన్లో ఛార్జింగ్ లేదు. డెబ్భై ఏడేళ్ళ వయసు, జపాను భాషలో నాకొచ్చింది రెండు ముక్కలు, ‘క్యోటో ఎకి’. ఎకి అంటే స్టేషను. ఒక్క నిమిషం కాళ్ళు వణికాయి. మరునిమిషం మా అత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది. ‘నీకు నోరుంది గదా’ అనుకున్నాను.

నా ఈడువాడొకాయన కనబడ్డాడు. ‘క్యోటో ఎకి’ అన్నాను. ఆయన ఏదో చెప్పాడు, నాకర్థం కాలేదు. నేను తెలుగులో ఏదో చెప్పాను, ఆయనకి అర్థమైనట్టు తలూపాడు. బస్సు స్టాపు దాకా వెంట నడిచాడు. అరచేతిలో వేలితో అంకెలు రాసి చూపించాడు, రెండు, సున్నా, ఆరు. 206. అంతవరకే. అంకె ఆకారం కంటికొస్తే చాలు, ఏ దేశమైతేనేం. బస్సొచ్చింది, ముందుభాగాన గుమ్మడికాయంత అంకె. ఎక్కాను. స్టేషన్లో దిగాను. పెట్టెలో 230 వేశాను. డ్రైవరు నాక్కూడా థాంక్స్ చెప్పాడు. పోగా పోగా మనవడు నాకంటే గంట ఆలస్యంగా ఆయాసపడుతూ వచ్చాడు, ఫోన్లో నా కోసం వెతుక్కుంటూ.

మా అత్త పరీక్షలో క్యోటో పాసయింది. ఫోనుతో కాదు, పెద్ద అంకెతోనూ, నాతో నాలుగడుగులు నడిచిన ఆ ముసలాయనతోనూ.

అయితే అక్కడి ముసలివాళ్ళకీ వాళ్ళ గొణుగుడు వాళ్ళకుంది. మనవడు చెప్పాడు. చూడవచ్చేవాళ్ళతో బస్సులు నిండిపోయి, కూరగాయలకి పోయే ఊరివాళ్ళకి చోటుండటం లేదట. అందుకని 2024 జూన్ నుంచి యాత్రికుల కోసం వేరే ఎక్స్‌ప్రెస్ బస్సులు పెట్టారు, టికెట్టు 500 యెన్లు. గియోన్లో కొన్ని సొంత సందుల్లోకి బయటివాళ్ళు అడుగుపెడితే పదివేల యెన్లు జరిమానా అని బోర్డులు. ఫోను పట్టుకున్నవాడికి అందరూ చూసేదే కావాలి. ఆ ఫోన్లన్నీ ఒకే వీధిని చూపిస్తాయి. ఊరు పొడుగునా గుళ్ళుంటే జనమంతా నాలుగు గుళ్ళలో. నోటితో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క దారి చెబుతారు, జనం ఊరంతా సర్దుకుంటారు. ఇది నా సిద్ధాంతం. రుజువడక్కండి.

చివరి రోజు మనవడు ఉమెకోజి అనే పార్కుకి తీసుకుపోయాడు. అక్కడ పాత ట్రాము బండ్లు నిలబెట్టి ఉన్నాయి. జపాన్లో మొదటి కరెంటు ట్రాము నడిచింది క్యోటోలోనే, 1895 ఫిబ్రవరిలో, బివా సరస్సు కాలవ నీళ్ళతో తీసిన కరెంటుతో. ఆ ఏడు వినగానే నేను ఉలిక్కిపడ్డాను. మన దేశంలో మొదటి కరెంటు ట్రాము మద్రాసులో, 1895 మే 7న. మూడు నెలల తేడాతో రెండు పాత ఊళ్ళూ ఒకే పట్టాల మీదికి ఎక్కాయి. మా నాయన మద్రాసొచ్చినప్పుడల్లా ట్రామెక్కి మౌంట్ రోడ్డు చూసేవాడు. వాళ్ళు ట్రాముని 1978 దాకా నడిపారు. ఆపేశాక బండ్లు కొన్ని హిరోషిమాకిస్తే అక్కడ ఇంకా తిరుగుతున్నాయి. మిగిలినవి పార్కులో పిల్లలు ఎక్కి ఆడుకుంటున్నారు. మనది 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. ఆ అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మనకి రాలేదు. దాని కోసం, రాష్ట్రం కోసం మైలాపూరులో 58 రోజులు అన్నం మాని ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు గారి స్మారకం ఇప్పటికీ రాయపేట హైరోడ్డు మీద ఉంది. ఒకే ఏడు ట్రామూ పోయింది, పట్నమూ పోయింది. అయినా మేం ఇక్కడే ఉన్నాం. ఊరు మనదా కాదా అన్నది రాష్ట్రం చెప్పేది కాదు, దారి అడిగితే ఎవరో ఒకరు చెబుతారా లేదా అన్నదే చెబుతుంది. ఆ తిరువళ్ళూరామె 1972లో చెప్పేసింది.

కాబట్టి నా తీర్పు ఇది. యాప్‌లు పెట్టండి, మెట్రోలు వెయ్యండి, వద్దనను. బస్సు మీద అంకె మాత్రం నా కంటికానేంత పెద్దదిగా రాయండి. బస్టాండు ఎక్కడికి మార్చినా అక్కడ ఫోన్లేని మనిషికి నోటితో జవాబు చెప్పే మనిషినొకణ్ణి కూర్చోబెట్టండి. మీరు పిల్లలైతే, రోడ్డు మీద చీటీ పట్టుకుని దిక్కులు చూసే ముసలివాళ్ళు కనబడితే ఫోను తీసి చూపించకండి, వాళ్ళకి కనబడదు. నాలుగడుగులు వెంట నడవండి.

మద్రాసు వస్తే మా ఇంటికి రండి. లొకేషన్ పంపమని అడక్కండి, నాకు రాదు. సెంట్రల్లో దిగి పక్కనే లోకల్ స్టేషనుకి పొండి. ఆవడి, తిరువళ్ళూరు, అరక్కోణం, ఏ బండైనా పరవాలేదు, ఫాస్టు బండి మాత్రం ఎక్కకండి, అది మధ్యలో స్టేషన్లు వదిలేసి లెక్క తప్పిస్తుంది. బేసిన్ బ్రిడ్జి ఒకటి, వ్యాసర్పాడి జీవా రెండు, పెరంబూరు మూడు, క్యారేజ్ వర్క్స్ నాలుగు, లోకో వర్క్స్ అయిదు, విల్లివాక్కం ఆరు, కొరట్టూరు ఏడు, పట్టరవాక్కం ఎనిమిది. తొమ్మిదోది అంబత్తూరు. తొమ్మిది చింతగింజలు చాలు. లెక్క తప్పితే ఎదురు సీటువాళ్ళని అడగండి. బయటికొచ్చి టీ కొట్టులో తెలుగు తాత ఇల్లెక్కడంటే చెబుతారు. కాఫీ ఇప్పుడు మా ఆవిడ పెట్టడం లేదు, నేనే పెడుతున్నాను.